దస్తావేజులో జలం ఉంది... రికార్డులో ఎక్కడుంది?

భూమి చేతులు మారినప్పుడల్లా దస్తావేజు లేఖరి ఒక పాత వాక్యం రాస్తాడు. నిధి, నిక్షేప, జల, తరు, పాషాణ... ఇలా అష్టభోగాలతో సహా ఈ భూమిని విక్రయించడమైనది అని. చదువుకున్నవాడూ చదువురానివాడూ తల ఊపి సంతకమో వేలిముద్రో పెడతారు. ఆ మాటల్లో మూడోది చూడండి. జల! అంటే మట్టితో పాటు నీరు కూడా అమ్ముడైంది. కొన్నవాడి సొంతమైంది. కాగితం మీద!

మరి ఆ నీరు ఏ కాలవది? ఏ మదుం కిందిది? ఎన్ని సెంట్లకు పారాలి? ఎవరి మడి తడిశాక ఇతని మడికి రావాలి? దస్తావేజు చెప్పదు. పాస్‌బుక్ చెప్పదు. అందుకే మన పల్లెల్లో భూమి తగువు కోర్టులో తేలుతుంది, నీటి తగువు గట్టు మీద తేలుతుంది. కోర్టులో కాగితం గెలుస్తుంది. గట్టు మీద కండబలం గెలుస్తుంది.

నిమ్మాడ అనగానే జిల్లాలో అందరికీ గుర్తొచ్చేది ఎర్రన్నాయుడు గారి పేరు. 1996-98 మధ్య కేంద్రంలో మంత్రిగా ఉన్న నేత ఊరు ఇది. 2024 జూన్‌లో ఆ కుటుంబం నుంచే ఒకరు కేంద్రంలో మంత్రి అయ్యారు, ఇంకొకరు రాష్ట్రంలో వ్యవసాయ మంత్రి అయ్యారు. అలాంటి చోట నిలబడి మేం ఈ మాట అంటున్నాం. ఇది ఒక పార్టీ మీద నింద కాదు. మంత్రులు వస్తారు, పోతారు. ఊరి రికార్డు మారకపోతే రైతుకు ఒరిగేది ఏమీ ఉండదు.

మూడు గడుల కథ

మీ అడంగల్ ఒకసారి తీసి చూడండి. అందులో పట్టాదారు పేరు ఒక గడి. అనుభవదారు పేరు ఇంకో గడి. జలాధారం అని ఒక గడి, ఆయకట్టు విస్తీర్ణం అని మరో గడి. మొదటి గడి గురించి అందరికీ ఆరాటమే. దాని కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాం. మిగతా మూడు గడుల్లో ఏముందో ఎంతమంది చూశారు? తండ్రి కాలంలో చెరువు కింద సాగిన భూమి ఇప్పుడు బోరు కింద సాగుతుంటే ఆ గడి మారిందా? కాలవ నీరు ఏనాడూ అందని చెక్క ఆయకట్టు కింద రాసి ఉందా? దున్నేవాడి పేరు అనుభవదారు గడిలో ఉందా?

భూమి హక్కుల చట్టం 1971 ప్రకారం కొనుగోలు వల్ల గానీ, వారసత్వం వల్ల గానీ, పంపకాల వల్ల గానీ భూమి సంక్రమిస్తే 90 రోజుల్లో అధికారికి తెలపాలి. దాన్నే మ్యుటేషన్ అంటున్నాం. మ్యుటేషన్ జరిగితే పట్టాదారు పేరు మారుతుంది. దాని వెంట నీటి గడి మారాలని, కాలవ కింది సంఘం జాబితా మారాలని పట్టించుకునే వాడు లేడు. భూమి రెవెన్యూ శాఖది. కాలవ జలవనరుల శాఖది. బోరుకు కరెంటు సర్వీసు విద్యుత్ సంస్థది. రైతు ఒక్కడే, అతని నీరు మాత్రం మూడు ఆఫీసుల్లో మూడు పేర్ల మీద ఉంటుంది. తాత పేరున సర్వీసు, తండ్రి పేరున ఆయకట్టు, కొడుకు పేరున పట్టా!

ఉర్లాం నేర్పిన పాఠం

నీటికి కాగితం ఉంటే ఏమవుతుందో మన నేల మీదే రుజువైంది. కోటబొమ్మాళిలో శ్రీకాకుళం రోడ్డు వైపు రైలెక్కితే తిలారు దాటాక ఉర్లాం వస్తుంది. అది ఒకప్పుడు గంజాం జిల్లాలోని జమీ. వంశధార నుంచి వచ్చే కాలవల మీద దాని సాగు. 1865 నాటి సాగునీటి సెస్సు చట్టాన్ని పట్టుకుని, మామూలు మాగాణి కన్నా ఎక్కువ భూమి తడుపుతున్నారంటూ తెల్లదొరల సర్కారు అదనపు సెస్సు వేసింది. జమీ వాళ్ళు ఊరుకోలేదు. దావా మద్రాసు దాటి లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది.

1917లో తీర్పు వచ్చింది. 1802 శాశ్వత శిస్తు నాటి ఒప్పందంలోనే ఆ కాలవల నీటిని వాడుకునే హక్కు ఇమిడి ఉందని, దానికి కొలత కాలవ, తూము తప్ప తడిసిన ఎకరాలు కావని కౌన్సిల్ చెప్పింది. జమీందారు గెలిచాడు. భారతదేశంలో నీటి హక్కుల మీద వాదించే వకీళ్ళు ఉర్లాం కేసు అని దీన్ని ఈనాటికీ తలుచుకుంటారు.

ఆ గెలుపు రైతుది కాదు, జమీందారుదే. అది మాకు తెలుసు. అయినా అందులో పాఠం ఉంది. సామ్రాజ్యం మీద దావా వేసినవాడు కేకలు వేసి గెలవలేదు. కాలవ ఎప్పటిది, తూము ఎంతది, ఒప్పందం ఏ సంవత్సరానిది అని చూపించి గెలిచాడు. వంశధార ఒడ్డున నూరేళ్ళ కిందట నీటికి అలాంటి పద్దు ఉండేది. ఇవాళ అదే వంశధార కింద రైతు చేతిలో ఏముంది?

జమీందారు పోయాడు, నీటికి పట్టా రాలేదు

1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీలు పోయాయి. మంచిదే జరిగింది. ఆ చట్టం కింద వాగులు, చెరువులు, సాగునీటి పనులు అన్నీ సర్కారు పరమయ్యాయి. రైతుకు భూమి మీద రైత్వారీ పట్టా వచ్చింది. నీటి మీద మాత్రం రాలేదు. మాగాణిగా నమోదైన భూమికి అలవాటుగా వచ్చే నీరు తగ్గకూడదన్నది మద్రాసు కోర్టుల కాలం నుంచీ వస్తున్న మాటే. కానీ అలవాటును రుజువు చేయాలంటే నమోదు ఉండాలి కదా! 1936 ఏప్రిల్ 1 దాకా మనం గంజాం జిల్లా. ఆ తరువాత విశాఖ జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. పాలన ఇన్నిసార్లు చేతులు మారినా మదుం వారీగా ఎవరి నీరు ఎంత అన్న పుస్తకం ఊరి చేతికి రాలేదు.

ఇప్పుడు మరో చిక్కు వచ్చిపడింది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. అది పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల చోట కొత్త నంబర్లు వచ్చాయి. ఆ ఊరి కాలవ ఆయకట్టు రిజిస్టరు పాత నంబర్లతోనే ఉంటే, రేపు ఏ చెక్కకు ఏ మదుం నీరో పోల్చేది ఎవరు? గట్టు గుర్తుపట్టే పెద్దలు ఊళ్ళో బతికుండగానే ఆ రెండు నంబర్లనూ పక్కపక్కన రాయించుకోవాలి. పది సంవత్సరాలు ఆగితే చెప్పేవాడు కూడా ఉండడు.

రికార్డులో లేని నీరు సర్కారుకు బీడు!

నీరు రాసి ఉండకపోతే ఎంత ప్రమాదమో తెలియాలంటే సోంపేట వెళ్ళండి. అక్కడి బీల ఏడాది పొడవునా నీరుండే పల్లపు నేల. దాని నీటితో చుట్టుపక్కల ఊళ్ళు సాగు చేశాయి, చేపలు పట్టాయి, పశువులు మేపాయి. ఊరి జ్ఞాపకంలో అది నీరు. సర్కారు కాగితంలో అది పనికిరాని బంజరు. బంజరే కదా అని థర్మల్ విద్యుత్ కేంద్రానికి కట్టబెట్టారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మన రైతుల ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. చట్టం ముందు బీల నీరే గెలిచింది. కానీ ఎంత మూల్యానికి!

నిమ్మాడకు ఇంకా దగ్గర్లో, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలోనూ అదే కథ. 2011 ఫిబ్రవరి 28న అక్కడా తుపాకులు పేలాయి. తంపర మా బతుకు అని జనం అంటారు. రికార్డులో మీ పేరు ఎక్కడ అని సర్కారు అడుగుతుంది. బీల, తంపర, గెడ్డ, ఊర చెరువు ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందుకే ఏ పట్టాలోనూ ఉండవు. ఒక్కరిది కానిది ఎవరిదీ కాదని తేల్చేయడమే ఈ రికార్డుల మాయ. ఊరి ఉమ్మడి నీటికి ఊరి పేరున నమోదు ఉండి తీరాలి.

సంఘం ఎవరిది?

1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. నీటి సంఘాలు పెట్టారు. రైతే రాజు అన్నారు. 2024 డిసెంబరు 14న కూడా రాష్ట్రమంతా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపారు. మరి ఆ సంఘంలో సభ్యుడెవరు? హక్కుల రికార్డులో యజమానిగానో కౌలుదారుగానో నమోదైనవాడు. వినడానికి బాగానే ఉంది. మన ఊళ్ళలో జరిగేది చూడండి.

ఉద్దానం, టెక్కలి, పలాస ప్రాంతాల్లో ఇంటికొకడు వలస. విశాఖలో ఒకడు, హైదరాబాదులో ఒకడు, చెన్నైలో ఒకడు, ఓడల మీద ఒకడు. పట్టాదారు ఊళ్ళో లేడు, లేదా బతికే లేడు. మడిలో దిగేవాడు కౌలుదారు. అతని పేరు రికార్డులో లేదు. రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని మదుం దగ్గర కాపు కాసేవాడికి సంఘంలో ఓటు లేదు! ఏనాడూ గట్టెక్కని వాడికి ఉంది!

కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం చేశారు. 2019 చట్టం 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. ఆ భయాన్ని మేం వెక్కిరించం. రెండెకరాలున్న వలస కూలీకి ఆ రెండెకరాలే ధైర్యం. కానీ దీనికి దారి లేకపోలేదు. భూమి హక్కుతో సంబంధం లేకుండా, ఈ పంటకు ఈ చెక్కకు నీరు వాడేవాడు ఫలానా అని మాత్రమే రాసే నీటి కార్డు ఇవ్వండి. దాన్ని చూపి భూమి మీద హక్కు అడగడానికి వీల్లేదని అందులోనే రాయండి. యజమానికి భూమి భద్రం, కౌలుదారుకు నీరు భద్రం.

ఆడపడుచుల సంగతి అడగనే అక్కర్లేదు. మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతా 2005 నుంచి కూతురికి ఆస్తిలో సమాన హక్కు ఉంది. పంపకాల కాగితంలో ఆమెకు వాటా రాసినా నీటి సంఘం జాబితా దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ముల పేర్లే. జల అన్న మాట ఆమె వాటాకు వర్తించదా?

రాష్ట్రాల మధ్యా ఇదే రోగం

ఊళ్ళో జరిగేదే పైనా జరిగింది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లా మధ్యలో గీత పడింది. వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదుల ఎగువ అటు, దిగువ ఇటు అయ్యాయి. వంశధార నీళ్ళు సగం సగం అన్న అవగాహనకు రెండు రాష్ట్రాలు వచ్చింది 1962లో. లెక్క 115 టీఎంసీలు, మన వాటా 57.5. ఆ వాటాను వాడుకోవడానికి గొట్టా బ్యారేజీ కట్టారు. ఎడమ కాలవ కింద 1,48,000 ఎకరాల ఆయకట్టు అని రాశారు. కాలవ నూరు కిలోమీటర్లు దాటి సాగుతుంది. దాని శివారు టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు వైపు. రాసిన ఎకరాలన్నీ తడుస్తున్నాయా అని శివారు రైతును అడగండి, నవ్వుతాడు. ఆ నవ్వులో ఏడుపు ఉంది.

నేరడి బ్యారేజీ మాట ఎత్తితే ఒడిశా అడ్డం. కాట్రగడ్డ దగ్గర పక్క కాలవ తవ్వబోతే 2006లో ఒడిశా ఫిర్యాదు. 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017 సెప్టెంబరు 13న తీర్పు నేరడికి అనుకూలంగా వచ్చింది. ఒడిశాలో 106 ఎకరాల సేకరణకూ అందులో ఒప్పుకున్నారు. 2021 జూన్‌లో తుది నివేదిక కూడా వచ్చింది. ఆ మీదట ఒడిశా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. తీర్పు చేతిలో ఉంటే చాలదు, నీరు మడిలో పారాలి.

ఇంతలో ఈ నది మీద కొత్త అవసరం వచ్చింది. 2023 డిసెంబరు 14న 700 కోట్ల ఉద్దానం తాగునీటి పథకం మొదలైంది. దానికి నీరు హిరమండలం జలాశయం నుంచే. కిడ్నీ జబ్బుతో ఉద్దానం ఎంత నలిగిందో తెలిసిన వాళ్ళం కనుక తాగునీటికే మొదటి హక్కు అని మేం ముందుగా చెబుతున్నాం. ఇందులో రెండో మాట లేదు. అయితే ఒకే నది మీద తాగునీరు ఎంత, పాత ఆయకట్టు ఎంత, కొత్త ఆయకట్టు ఎంత అని చెక్క వారీగా రాసుకోకపోతే, కరువు ఏడాది వచ్చిననాడు ఉద్దానం అక్కకూ శివారు అన్నకూ మధ్య తగువు పెట్టి పాలకులు తప్పుకుంటారు. ముందే హెచ్చరిస్తున్నాం.

బయటి లోకం ఏం చేసింది?

అమెరికా పడమటి రాష్ట్రాల్లో నీటి హక్కు ఒక ఆస్తి. యూటా రాష్ట్రంలో హక్కు చేతులు మారితే దస్తావేజు నమోదైతే సరిపోదు. కొన్నవాడు నీటి హక్కుల శాఖకు బదిలీ నివేదిక ఇచ్చి రికార్డులో పేరు మార్పించుకోవాలి. హక్కు ఎప్పటిది, ఎంత నీరు, ఎక్కడ వాడతారు అన్నీ ఆ రికార్డులో ఉంటాయి. ఈ క్రమశిక్షణ మనకు కావాలి.

కానీ అక్కడితో ఆగాలి. చిలీ దేశం 1981లో నీటిని భూమి నుంచి విడదీసి అంగడి సరుకు చేసింది. డబ్బున్న గనుల కంపెనీలు, పెద్ద తోటల ఆసాములు కొనుక్కున్నారు. చిన్న రైతులు వాగు పక్కనే దాహంతో నిలబడ్డారు. ఆ చట్టాన్ని సవరించుకోవడానికి 2022 దాకా పట్టింది. మన సుప్రీంకోర్టు 1996లోనే నదులు ప్రజల సొత్తు, సర్కారు దానికి ధర్మకర్త మాత్రమే అంది. మేం అడిగేది నీటి అంగడి కాదు. నీటి నమోదు. అమ్ముకోవడానికి కాదు, ఎవరూ కాజేయకుండా ఉండటానికి.

రాష్ట్రం వస్తే చాలదు

మన రాష్ట్రం మనకు కావాలన్నది మా మాట. అందులో వెనకడుగు లేదు. అయితే తెలంగాణ చెప్పిన పాఠం చూద్దాం. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. కృష్ణా నీళ్ళు ఆనాటితో తేలలేదు. 2015లో 811 టీఎంసీలను 512, 299గా తాత్కాలికంగా పంచుకున్నారు. కేంద్రం ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చేసరికి 2023 అక్టోబరు వచ్చింది. అంటే రాష్ట్రం ఒక్క రాత్రిలో పుట్టవచ్చు, నీటి వాటా మాత్రం ఏళ్ళు తీసుకుంటుంది. అప్పుడు గెలిపించేది ఊరి ఆయకట్టు లెక్కే. మన దగ్గర ఆ లెక్క చనిపోయినవారి పేర్లతో, అందని కాలవలతో, పాత నంబర్లతో ఉంటే రేపు ట్రిబ్యునల్ ముందు ఏం పరుస్తాం?

అందుకే మేం అడుగుతున్నాం:

ఒకటి, ప్రతి మదుం కింద ఆయకట్టు పట్టిక, పాత కొత్త నంబర్లతో, ఏటా ఖరీఫ్ నీరు వదలక ముందే గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. నీరు అందే ఎకరాలు వేరు, కాగితం ఎకరాలు వేరు చేసి రాయాలి.

రెండు, మ్యుటేషన్ జరిగిన రోజే జలాధారం గడి, సంఘం జాబితా, బోరుంటే కరెంటు సర్వీసు పేరు ఒకే దరఖాస్తుతో మారాలి. వారసులందరి పేర్లూ, ఆడపిల్లలతో సహా.

మూడు, సాగు చేసే కౌలుదారుకు భూమి హక్కుతో ముడిపెట్టని నీటి కార్డు, సంఘంలో ఓటు.

నాలుగు, బీలలు, తంపరలు, గెడ్డలు, చెరువులు ఊరి ఉమ్మడి నీరుగా నమోదు చేయాలి. గ్రామసభ ఒప్పుకోకుండా వాటి మీద ఒక్క సెంటు కూడా ఎవరికీ ఇవ్వరాదు.

రికార్డు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిదే. ఈ సంగతి మన పాలకులకు తెలుసు కనుకే గడులు ఖాళీగా ఉంచుతారు. వాటిని నింపించడం మన పని. అడంగల్ తీయించండి. సమాచార హక్కు చట్టం కింద మీ మదుం ఆయకట్టు జాబితా అడగండి. ఊరి పెద్దల్ని గట్టు వెంట నడిపించి, వారు చెప్పింది రాసి, గ్రామసభలో చదివి సంతకాలు పెట్టించండి. రాష్ట్రం కోసం ఢిల్లీ దాకా పోవాలి. ఈ పుస్తకానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపు పటం మీద మన గీత పడిననాడు ఆ గీత లోపలి ప్రతి మదుం కింద నీరు ఎవరిదో చెప్పే పుస్తకం మన చేతిలో ఉండాలి. ఈ ఖరీఫ్‌కే మొదలుపెడదాం!